ఆకులోని రంగు, సీసాలోని మాత్ర

కొంతకాలముగా మందుల దుకాణములలోను, పత్రికా ప్రకటనలలోను, చేతిఫోను తెరపైనను ఒక కొత్త సరకు తరచుగా కనబడుచున్నది. ఎర్రగానో, పసుపుగానో, నారింజ వన్నెతోనో ఉండు మెత్తని మాత్రలవి. బీటా కెరోటిన్, లైకోపీన్, ల్యూటిన్, ఆస్టాజాంథిన్ అని వాటి పేర్లు. ఇవి ప్రకృతిసిద్ధమైన రంగులనియు, యాంటీ ఆక్సిడెంట్లనియు, దినమున కొకటి మ్రింగినచో చూపు చెడదనియు, ముసలితనము వెనుకకు జరుగుననియు, క్యాన్సరు దరిచేరదనియు ప్రకటనలు చెప్పును. ఇందులో ఎంత నిజమున్నది? వాన రాని యేడు వంట సరకులకే సొమ్ము వెదకికొను అనంతపురపు కుటుంబము ఈ సీసాను కొనవలెనా? కొనకున్నచో ఏమైన కోల్పోవునా? ఈ ప్రశ్నలను ఇచట పరిశీలింతము.

మొదట ఈ రంగులు ఎట్టివో తెలిసికొందము. క్యారెట్టు గడ్డకు నారింజ వన్నెను, టమాటాకు ఎరుపును, మామిడిపండునకు పసిమిని, బంతిపూవునకు మెరుపును, కోడిగ్రుడ్డు సొనకు బంగారు చాయను ఇచ్చునవి ఒకే కుటుంబమునకు చెందిన వర్ణద్రవ్యములు. 1831లో వాకెన్‌రోడర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు క్యారెట్టునుండి ఇట్టి పదార్థము నొకదానిని వేరుచేసి, ఆ గడ్డ పేరుమీదుగనే దానికి కెరోటిన్ అని పేరిడెను. నాటినుండి నేటివరకు ఈ కుటుంబములో 600కు పైగా రంగులు గుర్తింపబడినవి. వీనినన్నిటిని కలిపి కెరోటినాయిడ్లు అందురు. ఆకుకూరలలో ఇవి సమృద్ధిగా ఉన్నను, పత్రహరితపు ఆకుపచ్చదనము వీనిని కప్పివేయును. ఆకు పండి పత్రహరితము విరిగిపోయినపుడు, అంతవరకు దాగియున్న పసుపు బయటపడును. కావున ముదురాకుపచ్చని కూరలో క్యారెట్టు రంగే దాగియున్నదని మనము గుర్తుంచుకొనవలెను.

మొక్క ఈ రంగులను మన కొరకు తయారుచేయలేదు; తన ప్రాణరక్షణకు చేసికొన్నది. ఎండ ఆకుపై పడినపుడు ఆ శక్తితో మొక్క తన ఆహారమును సిద్ధము చేసికొనును. నేలలో తేమ తరిగినచో, ఉన్న నీరు ఆవిరి కాకుండుటకై ఆకు తన సూక్ష్మరంధ్రములను మూసికొనును. రంధ్రములు మూసికొనగనే బొగ్గుపులుసు వాయువు లోనికి రాదు. ఆహారపు తయారీ కుంటువడును. కాని ఎండ ఆగదు గదా! వినియోగము లేని ఆ వెలుతురు శక్తి ఆకులోని ప్రాణవాయువునకు సోకి, దానిని తీక్ష్ణమైన రూపమునకు మార్చును. అది కణములను లోలోపలనే దహింపగలదు. ఆ యదనపు శక్తిని తామందుకొని, వేడిగా మార్చి వెలికి పంపి, ఆకును కాపాడునవి ఈ పసుపు రంగులే. యాంటీ ఆక్సిడెంటు అను మాటకు అర్థము కూడ ఇదియే: ప్రాణవాయువు వలన కలుగు దహనమును అడ్డుకొనునది. మండుటెండలో, వాడిన నేలలో నిలిచి పచ్చగా నున్న మునగచెట్టును చూచినపుడు, ప్రతి యాకులోను ఇట్టి రక్షణ నడచుచున్నదని తలచవచ్చును.

ఇప్పుడు విరివిగా అమ్ముడుపోవుచున్న ఆస్టాజాంథిన్ కథయు ఇట్టిదే. హెమటోకాకస్ అను సూక్ష్మమైన నాచు మంచినీటి గుంటలలో పచ్చగా పెరుగును. గుంట ఎండిపోవుచు, ఎండ తీవ్రమైనపుడు, అది కదలిక మాని, గట్టి పొర కప్పుకొని, లోపల ఎర్రని రంగును నింపుకొనును. తిరిగి నీరు వచ్చువరకు దానిని కాపాడునది ఆ యెరుపే. రొయ్యలోను ఈ రంగే కలదు. పచ్చి రొయ్యలో అది మాంసకృత్తుతో ముడివడి కనబడదు, ఉడికించినపుడు ముడి వీడి ఎర్రబారును. ఇట్లు మొక్కకును, నాచునకును ఈ రంగు కరవు కాలపు కవచమనుటలో సందేహము లేదు. అయితే మొక్కకు కవచమైనది మాత్రగా మ్రింగిన మనిషికిని కవచమగునా యన్నదే అసలు ప్రశ్న.

మన శరీరములో ఈ రంగులు చేయు పని రెండు విధములుగా చెప్పుదురు. ఒకటి, వీనిలో కొన్ని విటమిన్ ఏగా మారుట. రెండవది, యాంటీ ఆక్సిడెంటుగా కణములను కాపాడుట. మొదటిది నిస్సందేహముగా రుజువైన సంగతి. రెండవది పరీక్షనాళికలో రుజువైనదే కాని, మనుష్యులకు మాత్రలిచ్చి చూచినపుడు ఆశించిన ఫలితమును ఇవ్వలేదు. ఈ రెంటిని కలగలిపి చెప్పుటయే ప్రకటనల నేర్పు. మనము వేరువేరుగా చూతము.

1913లో అమెరికాలో మెకాలమ్, డేవిస్ అను శాస్త్రజ్ఞులు వెన్నలోను, గ్రుడ్డు సొనలోను ఎదుగుదలకు అవసరమైన పదార్థమొకటి ఉన్నదని కనుగొనిరి. అదియే తరువాత విటమిన్ ఏ అయినది. బీటా కెరోటిన్ శరీరములో విటమిన్ ఏగా మారునని 1930లో ఇంగ్లండులో థామస్ మూర్ చూపెను. ఈ పదార్థముల నిర్మాణమును తేల్చిన స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు పాల్ కారర్‌కు 1937లో నోబెల్ బహుమానము లభించినది. కంటిలో ఈ విటమిన్ చేయు పనిని వివరించిన జార్జి వాల్డ్ 1967లో ఆ బహుమానమును పంచుకొనెను. కంటి వెనుకనుండు తెరపై రొడాప్సిన్ అను పదార్థము కలదు. మసక వెలుతురు సోకగనే అది విరిగి, మెదడునకు వార్త పంపును. తిరిగి కూడుకొనుటకు దానికి విటమిన్ ఏ కావలెను. ఆ విటమిన్ కొరతపడినచో పగలు చూపు బాగుగనే యుండి, ప్రొద్దు క్రుంకగనే బిడ్డ గడప తట్టుకొని పడుట, కంచములోని మెతుకును తడవుకొనుట జరుగును. దీనినే మన పెద్దలు రేచీకటి అనిరి.

రేచీకటి తొలి హెచ్చరిక మాత్రమే. అశ్రద్ధ చేసినచో కంటి తెలుపు కాంతిహీనమై, దానిపై నురుగువంటి మచ్చలు ఏర్పడును. పిమ్మట నల్లగ్రుడ్డు ఎండి, మెత్తబడి, చూపు శాశ్వతముగా పోవచ్చును. తట్టు, విరేచనములు తగిలిన బిడ్డలో ఈ మార్పు కొద్ది దినములలోనే రావచ్చును. విటమిన్ ఏ చాలని బిడ్డకు అంటువ్యాధులను తట్టుకొను శక్తియు తగ్గును.

మన దేశములో ఈ విషయమై పరిశోధన చేసిన సంస్థ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో మెకారిసన్ దొర ఆధ్వర్యమున చిన్న పరిశోధనశాలగా మొదలైన ఆ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో నేటి పేరును పొందినది. కాలేయము విటమిన్ ఏను నెలల తరబడి దాచిపెట్టుకొనగలదు. కావున దినదినము మందీయ నవసరము లేక, అప్పుడప్పుడు పెద్ద మోతాదు నొకదానిని నూనెలో కలిపి ఇచ్చినచో చాలునని ఆ సంస్థ శాస్త్రజ్ఞులు గ్రామములలో పరీక్షించి చూపిరి. దానినిబట్టి 1970లో జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. తొమ్మిదవ నెలలో తట్టు టీకాతోపాటు 1 లక్ష యూనిట్లు, అటుపైన ఆరేసి నెలలకు 2 లక్షల యూనిట్ల చొప్పున అయిదేండ్లు నిండువరకు, మొత్తము 9 మోతాదులు. ఇది ఉచితముగా ఇచ్చు మందు. రంగు మాత్రల సీసాకు సొమ్ము చెల్లించుటకు ముందు, ఇంటిలోని బిడ్డకు ఈ తొమ్మిది మోతాదులును పడినవో లేదో టీకా కార్డులో చూచుకొనుట ఎక్కువ లాభము.

ఇక రెండవ సంగతికి వత్తము. ఆకుకూరలు, పండ్లు ఎక్కువగా తినువారిలో కొన్ని క్యాన్సరులు తక్కువగా నుండుట శాస్త్రజ్ఞులు గమనించిరి. అది కెరోటిన్ మహిమయే యైనచో, దానిని మాత్రగా ఇచ్చిన సరిపోవును గదా యని తలచిరి. ఫిన్లండులో పొగత్రాగు పురుషులను 29,133 మందిని చేర్చుకొని, కొందరికి దినమునకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చిరి. 1994లో ఫలితము వెలువడినపుడు లోకము నివ్వెరపోయినది. మాత్ర మ్రింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుటకు మారు, నూటికి 18 వంతులు హెచ్చినది. అమెరికాలో పొగత్రాగువారును, రాతినార పరిశ్రమలో పనిచేసినవారును కలిసి 18,314 మందిపై బీటా కెరోటిన్‌తో విటమిన్ ఏను చేర్చి జరిపిన మఱొక పరీక్షలో ఆ హెచ్చు నూటికి 28గా తేలినది. దానిని గడువునకు ముందే, 1996లో నిలిపివేసిరి. అదే యేడు అమెరికాలోని 22,071 మంది వైద్యులపై నడచిన పరీక్ష ఫలితము వెలువడినది. వారిలో పొగత్రాగువారు తక్కువ. మాత్ర వలన కీడును లేదు, మేలును లేదు. క్యాన్సరునుగాని, గుండెజబ్బునుగాని నివారించుటకై బీటా కెరోటిన్ మాత్రలు వాడరాదని అమెరికా దేశపు నివారణ వైద్య నిపుణుల సంఘము 2022లో మరల స్పష్టముగా చెప్పినది.

ఆకులో మేలుచేసిన రంగు మాత్రలో కీడుచేయుట యెట్లు? ఆకుకూరలో కెరోటిన్ ఒంటరిగా లేదు. ఇతర రంగులు, పీచు, విటమిన్ సి, లవణములు దానికి తోడుగా నున్నవి. అది నెమ్మదిగా, కొలతగా రక్తములో చేరును. మాత్రలోనిదో, ఒకే పదార్థము, పెద్ద మోతాదు, నూనెలో కరిగి సిద్ధముగా నున్నది. పొగతో దెబ్బతిన్న ఊపిరితిత్తులలో అంత కెరోటిన్ చేరినపుడు అదియే విరిగి, రక్షణకు బదులు చెరుపు చేయునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. కావున బీడీ, చుట్ట, సిగరెట్టు కాల్చు అలవాటున్నవారు బీటా కెరోటిన్ మాత్రల జోలికి పోరాదని మేము గట్టిగా చెప్పుచున్నాము. అట్టివారు ఆకుకూరలు తినుటకు మాత్రము భయపడ నక్కరలేదు.

ల్యూటిన్ విషయము కొంత భిన్నమైనది. బంతిపూల రేకులనుండి తీయు రంగు ఇది. దక్షిణ భారతమున ఈ పనికై బంతిని ప్రత్యేకముగా సాగుచేయుదురు. కంటి తెర నడుమ, సూక్ష్మమైన చూపునకు ఆధారమైన చోట, ల్యూటిన్, జియాజాంథిన్ అను రెండు పసుపు రంగులు సహజముగనే పేరుకొనియుండును. వార్ధక్యములో ఆ భాగము క్షీణించు జబ్బు మధ్యదశలో నున్నవారికి విటమిన్ సి, విటమిన్ ఇ, జింకు, రాగి, బీటా కెరోటిన్ కలిపిన మాత్ర ఇచ్చినచో, అది ముదురుట సుమారు నాలుగవ వంతు తగ్గునని 2001లో అమెరికాలో తేలినది. 2013లో వెలువడిన మఱొక పరీక్షలో బీటా కెరోటిన్ స్థానమున 10 మిల్లీగ్రాముల ల్యూటిన్, 2 మిల్లీగ్రాముల జియాజాంథిన్ ఉంచుట క్షేమకరమని నిర్ణయించిరి. ఇది కంటి వైద్యుడు పరీక్షించి, జబ్బును గుర్తించి, వ్రాసి ఇయ్యవలసిన మందు. జబ్బు లేనివారికి అది రాకుండ ఆపునని రుజువు లేదు. శుక్లములను ఇది కరిగింపదు. మన పల్లెలలో పెద్దవారి చూపు మందగించుటకు ముఖ్యకారణములు శుక్లములు, సరియైన కంటద్దములు లేకపోవుట. వాటికి మందు శస్త్రచికిత్సయు, కంటద్దములును. బంతిరంగు మాత్ర కాదు.

టమాటాలోని లైకోపీన్‌గాని, నాచులోని ఆస్టాజాంథిన్‌గాని విటమిన్ ఏగా మారవు. వీని మాత్రలపై జరిగిన పరీక్షలు చాల వరకు చిన్నవి, కొద్ది వారములకు పరిమితమైనవి. ప్రకటనలు చెప్పు గొప్ప ఫలములకు తగిన నిదర్శనము ఇంకను ఏర్పడలేదు. ఇట్టి సీసాపై ఇది ఔషధముగా వాడుటకు కాదని వ్రాసియుండును. చిన్న అక్షరములలో నున్నను ఆ మాటను చదువవలెను.

ఇక మన సీమకు వత్తము. పడమటి కనుమల చాటున, తూర్పు తీరమునకు దూరముగా నున్న అనంతపురపు పీఠభూమికి రెండు ఋతుపవనములును తమ మిగులును మాత్రమే పంచును. ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు, అదియును నమ్మరానిది. ఈ నేలలో ఒకప్పుడు కొర్ర, సజ్జ, జొన్న, రాగి ప్రధానాహారము. 20వ శతాబ్దిలో వేరుసెనగ చేలు విస్తరించి కొర్ర చేలు తగ్గినవి. 1983లో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చిన పిదప కంచములో అన్నము పెరిగినది. కొర్రబియ్యపు పసిమి ల్యూటిన్, జియాజాంథిన్‌ల వలన కలిగినది. పాలిషు పట్టిన తెల్లబియ్యములో ఏ రంగును లేదు. కాగా అన్నము తినుట పెరిగిన కొలదియు దాని ప్రక్కన ఆకుకూర ఉండవలసిన అవసరమును పెరిగినదన్నమాట.

ఆకుకూరలలో రంగు ఎంత? జాతీయ పోషకాహార సంస్థ ప్రకటించిన భారతీయ ఆహారముల పట్టికలలో 100 గ్రాముల మునగాకునకు 6,780 మైక్రోగ్రాములు, లేత తోటకూరకు 5,520, అవిసాకునకు 5,400, మామిడిపండునకు 2,743, క్యారెట్టునకు 1,890, బొప్పాయిపండునకు 666 మైక్రోగ్రాముల కెరోటిన్ ఇవ్వబడినది. నేలనుబట్టి, ఆకు వయస్సునుబట్టి, కొలిచిన పద్ధతినిబట్టి ఈ అంకెలు మారును. కాని మునగాకు క్యారెట్టును ఎంతో మించినదన్న సంగతి మారదు. అయితే తిన్న కెరోటిన్ అంతయు విటమిన్ ఏ కాదు. సాధారణ భోజనములోని 12 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్ 1 మైక్రోగ్రాము విటమిన్ ఏకు సమానమని 2001లో అమెరికా దేశపు వైద్య సంస్థ నిర్ణయించినది. ఆ లెక్కన 25 గ్రాముల మునగాకు సుమారు 140 మైక్రోగ్రాముల విటమిన్ ఏను ఇచ్చును. 1 నుండి 3 ఏండ్ల బిడ్డకు దినమునకు కావలసినది 300 అని అదే సంస్థ చెప్పినది. వంటలో కొంత నష్టమైనను, చారెడు ఆకు బిడ్డకు కావలసిన దానిలో గణనీయమైన భాగమును తీర్చునన్నమాట.

ఈ రంగు నీటిలో కరుగదు, నూనెలో కరుగును. కావున కొద్దిపాటి నూనె లేనిదే ప్రేగులనుండి రక్తములోనికి సరిగా చేరదు. ఇచట మన సీమకు ఒక యదృష్టమున్నది. వేరుసెనగ మన యింటి పంట. ఆకుకూరలో వేరుసెనగపొడి చల్లినను, నూనెతో తాలింపు వేసినను, సంగటికి ఆకుకూర పప్పుతోపాటు ఊరుబిండి నంజుకొన్నను, ఆకులోని రంగునకు వాహనము దొరకినట్లే. ఉడికిన పప్పును, ఆకును పప్పుగుత్తితో బాగుగా ఎనుపుట మన గృహిణులకు పరిపాటి. ఆకు కణములు చితికి రంగు విడుదల యగుటకు అది చక్కని ఉపాయము. మూతపెట్టి, కొద్ది నీటిలో, అవసరమైనంతసేపే ఉడికింపవలెను. ఉడికిన నీటిని పారబోసినచో కెరోటిన్ పోదు కాని, ఇతర విటమిన్లు పోవును.

కరవు యేటిలో మొట్టమొదట కంచమునుండి తొలగునవి ఆకుకూరలే. బియ్యము చౌకధరల దుకాణమున దొరకును, తోటకూర దొరకదు. దీనికి మునగ మంచి ప్రతిక్రియ. అది నీటియెద్దడిని ఓర్చుకొను చెట్టు. అంట్లు కడిగిన నీరు, స్నానపు నీరు పోవు చోట ఒక మునగ కొమ్మను నాటినచో ఇంటికి సరిపడు ఆకు దొరకును. ఆకు విరివిగా నున్న దినములలో దానిని కడిగి, నీడలో ఆరబెట్టి, పొడిచేసి, గాలి చొరని డబ్బాలో దాచుకొనవచ్చును. ఎండలో మాత్రము ఆరవేయరాదు. నేరుగా తగులు ఎండ కెరోటిన్‌ను చెరచును. వానపడిన పిదప చేలగట్లమీద తనంతట మొలచు పప్పాకు, పొన్నగంటికూర మొదలగువానిని పనికిరాని కలుపుగా చూడరాదు. వీలున్నవారు గ్రుడ్డును చేర్చుకొనవచ్చును. సొనలోని రంగు సులభముగా ఒంటబట్టును.

ఇంకొక మాట చెప్పవలసియున్నది. కాన్పు అయిన తొలి దినములలో తల్లికి వచ్చు ముర్రుపాలు పసుపుగా నుండుటకు కారణము ఈ కెరోటినాయిడ్లే. అవి చెడిన పాలని తలచి కొందరు పిండి పారబోయుదురు. బిడ్డకు ప్రకృతి సిద్ధపరచిన మొట్టమొదటి రంగు మందు అదియే; చుక్కయైనను వృథా చేయరాదు.

మేము మాత్రల నన్నిటిని నిందింపబూనలేదు. ఎవరికి ఏది అవసరమో వేరుపరచి చూడవలెనని మాత్రమే మా మనవి. సంధ్యవేళ బిడ్డ తడబడుచున్నచో ఆకుకూర పెట్టి వేచియుండరాదు. ఆ దినముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెను. అట్టి కంటిని కాపాడునది వైద్యుడిచ్చు విటమిన్ ఏ మోతాదే. గర్భవతులు వైద్యుని యడుగక విటమిన్ ఏ మాత్రలు మ్రింగరాదు. అది మితిమీరినచో గర్భస్థ శిశువునకు హాని కలుగవచ్చును. ఆకుకూరలలోని కెరోటిన్‌తో అట్టి భయము లేదు. శరీరము తనకు కావలసినంత మేరకే దానిని మార్చుకొనును. పొగత్రాగువారు బీటా కెరోటిన్ సీసాను ముట్టరాదు. చూపు మందగించిన పెద్దలు ముందు కంటి పరీక్ష చేయించుకొనవలెను. తక్కినవారు, అనగా మనలో చాలమంది, ఆ సీసాకు వెచ్చించు సొమ్మును ఆకుకూరకు, పండునకు, గ్రుడ్డునకు, పప్పునకు వెచ్చించినచో, రంగుతోపాటు ఆ రంగునకు తోడైనవన్నియు లభించును. ఈ వారము సంతకు పోవునప్పుడు ఒక మునగాకు కట్టను కొనుడు. ఇంటికి వచ్చి, బిడ్డ టీకా కార్డును ఒకసారి తీసి చూడుడు.